ఒక్కటే మడ

కల్బా ఉప్పువాగులో పాటు తీసే వేళ
ముందు బురద తేలుతుంది,
తర్వాత బురదలోంచి ఊపిరి వేళ్ళు,
ఎండుచేపలు గుచ్చడానికి మా అమ్మ
ఇసకలో పాతి ఉంచిన పుల్లల్లాగా.

ఇక్కడివాళ్ళు ఈ చెట్టును ఖుర్మ్ అంటారు.
మొదటి రోజే ఒక ఆకు తెంపి నాకాను.
ఉప్పు.
"తెల్లమడ" అన్నాను పైకే,
చెట్టుకు మాత్రం వినపడేంత మెల్లగా.

మా కోరింగలో మడంటే ఊరంత చుట్టరికం.
నల్లమడ, తెల్లమడ, కలింగ, ఉప్పుపొన్న,
పాలు కంట్లో పడితే చూపు తీసే తిల్ల.
వాటి సందుల్లో నీటికుక్కలు,
రాత్రిపూట మా వలల్లో చేపలెత్తుకుపోయే బావురు పిల్లి.
ఇక్కడ ఒక్కటే.
వెనక గడ్డి మొలవని రాతికొండలు,
ముందు చారుకన్నా ఉప్పగా మరిగే నీళ్ళు,
మధ్యలో ఈ ఒక్క జాతే
పీతల్ని, రొయ్యపిల్లల్ని, పచ్చ తాబేళ్ళని
ఇంటెడు సంసారంలా ఈదుకొస్తోంది.

నా పక్కన నాటేవాడు మొక్లేస్, సుందరవనాల వాడు.
ఇద్దరికీ సరిగా రాని హిందీలో
చెట్ల గురించే మాట్లాడుకుంటాం.
"మీ మడలో పులి ఉందా?"
"లేదు. పిల్లి ఉంది."
ఆ రోజంతా నవ్వాడు.
సాయంత్రం బస్సులో మాత్రం
వాళ్ళ చిన్నాన్నని పులి ఎత్తుకుపోయిన చోటు
వేలితో కిటికీ అద్దం మీద గీసి చూపించాడు.

నెలకోసారి షమ్సా వస్తుంది,
మెడలో దుర్బిణి, మోకాళ్ళ దాకా బూట్లు.
ఆమె లెక్కపెట్టేది లకుముకి పిట్టని.
మా వైపు దానికి నల్ల టోపీ.
దీనికి మెడ చుట్టూ తెల్లపట్టీ, వీపు మీద సముద్రం.
ఈ వాగు, అవతల ఒమాన్‌లో ఒకటో రెండో వాగులు.
దాని లోకం అంతే. ఇంకెక్కడా లేదు,
ఎక్కడికీ పోదు.
దాని కోసం బురదలో దిగినవాళ్ళం మాత్రం
ఒక్కడమూ ఇక్కడి వాళ్ళం కాదు.

గూడు పెట్టాలంటే దానికి తొర్ర కావాలి.
"మేం నాటిన మొక్కకి తొర్ర ఎప్పుడు పడుతుంది?"
షమ్సా నా చేతిలోని జానెడు మొక్కని చూసింది.
"మా అమ్మమ్మంత ముసలిదైతే."
నా కాగితాల్లో ఇంకా పద్నాలుగు నెలలున్నాయి.

తొంభై ఆరు తుపాను రాత్రి
మా నాన్న లుంగీతో తనని తాను మడకొమ్మకి కట్టేసుకున్నాడు.
తెల్లారి నీళ్ళు దిగాక
ముడి విప్పడానికి వేళ్ళు రాక కత్తి అడిగాడు.
మరుసటేడు అదే కొమ్మ పొయ్యిలోకి నరికాం.
నేనే పట్టుకున్నాను, ఆయన కొట్టాడు.
తప్పనీ అనను, ఒప్పనీ అనను.
అన్నం ఉడకాలి.
పచ్చిమడ మండితే వచ్చే పొగ
కంటికన్నా గొంతులో ఎక్కువసేపు ఉంటుంది.

మొన్న కంచె తోసుకుని ఒక ఒంటె వచ్చింది.
రెండు రోజుల పని, నలభై మొక్కలు, నింపాదిగా మేసింది.
మేస్త్రీ అబూ ఖల్ఫాన్ దాన్ని
పెళ్ళికి పిలవకుండా వచ్చిన మేనమామని తిట్టినట్టు తిట్టి
నీళ్ళు పెట్టి పంపాడు.
మళ్ళీ నలభై.

కాయలోనే మొలకెత్తి రాలుతుంది మడగింజ,
నేల తాకేసరికే వేరుకి తొందర.
నేను గుంట తీసేలోపు
నా అరచేతి గీతల్లోనే దిగబోయింది ఒకటి.
"ఇక్కడ కాదురా" అని బురద చూపించాను.

టక్. టక్.
ముసలి మడ మీద లకుముకి
పీతని కొమ్మకేసి కొడుతోంది.
షమ్సా పుస్తకంలో ఒకటి రాసుకుంది.
ఆరుతున్న నా ముంజేతి బురద మీద
నేనూ ఒక గీత గీసుకున్నాను.

పోటు ఎక్కుతోంది.
ఇంకా పదకొండు మొక్కలున్నాయి.